గరాజులో చేపల పడవ: లెక్క ముందు, రంపం తర్వాత

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. ప్రోగ్రాములో ఏదైనా లోపం కనిపిస్తే "వచ్చే రిలీజులో చూద్దాం" అనుకోవచ్చు. పడవ కట్టేవాడికి ఆ సౌకర్యం లేదు. ఒడ్డు రెండు మైళ్ళ దూరంలో ఉండగా, చుట్టూ గాలి లేచి అలలు ఎగుస్తూ ఉండగా, పడవకి ప్యాచ్ వెయ్యడం కుదరదు. మనలో చాలామందికి ఈత కూడా అంతంతమాత్రం. అందుకే పడవ పనిలో లెక్క ముందు, రంపం తర్వాత.

ఈ వ్యాసంలో చెప్పబోయేది జీవనానికి వేటకెళ్ళే జాలర్ల పడవ గురించి కాదు. శనాదివారాల్లో సరదాకి గాలం వేసేవాళ్ళు వాడే చిన్న పడవ గురించి. అమెరికాలో దీన్ని స్పోర్ట్ ఫిషింగ్ అంటారు. నేను హ్యూస్టన్‌లో ఉంటాను. నేనూ, మా వీధిలోనే ఉండే ఒక మిత్రుడూ కలిసి గరాజులో 14 అడుగుల ప్లైవుడ్ పడవ కట్టుకున్నాం. గాల్వెస్టన్ బేలో దాన్ని తిప్పుతున్నాం. పనిముట్లు పట్టుకోవడం వస్తే చాలు, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. కాని మూడు ప్రశ్నలకి కాగితం మీద జవాబు రాయకుండా మొదలుపెట్టకూడదు. ఆ మూడూ ఇవి: పడవ ఎంత లోతు మునుగుతుంది? ఒక పక్కకి బరువు పడితే ఎంత వాలుతుంది? నిండా నీళ్ళొస్తే ఏమవుతుంది?

ఏ నీళ్ళు, ఎలాంటి అడుగు

మన భాషలో చెప్పాలంటే ముందు రిక్వైర్‌మెంట్లు. గాల్వెస్టన్ బే విశాలమైనదే కాని లోతు తక్కువ. సగటున ఏడడుగులు ఉంటుందేమో. రెడ్‌ఫిష్, స్పెకిల్డ్ ట్రౌట్, ఫ్లౌండర్ లాంటి చేపలు గడ్డి పెరిగిన ఒడ్డులవెంట, రెండు మూడడుగుల నీళ్ళలో దొరుకుతాయి. కాబట్టి పడవ తక్కువ లోతులో తేలాలి. ఇద్దరు ముగ్గురు నిలబడి గాలం విసరగలగాలి. గాలి లేస్తే క్షేమంగా వెనక్కి రాగలగాలి.

పడవ అడుగు ఆకారంలో స్థూలంగా రెండు కొసలున్నాయి. ఒకటి బల్లపరుపు అడుగు, రెండోది లోతైన వి ఆకారం. రెండోదానికి మంచి కథ ఉంది. రే హంట్ అనే డిజైనర్ అడుగుకి 24 డిగ్రీల వాలు ఇచ్చి చేసిన మాపీ అనే పడవ 1960లో మయామీ నుంచి నాసా దాకా జరిగే పోటీలో ఉధృతమైన సముద్రం మీద నెగ్గింది. (ఈ నాసా బహామాస్ రాజధాని, రాకెట్ల నాసా కాదు.) బెర్‌ట్రమ్ 31 అనే ప్రసిద్ధమైన చేపల పడవ అక్కణ్ణుంచే పుట్టింది. కత్తిలా అలని కోసుకుపోయే ఆ అడుగు సముద్రంలో ఎంతో హాయి. కాని దానికి ఎక్కువ హార్స్‌పవర్ కావాలి, ఆగి ఉన్నప్పుడు అటూ ఇటూ ఎక్కువ ఊగుతుంది, కట్టడమూ కష్టం.

బల్లపరుపు అడుగు దీనికి పూర్తిగా తలకిందులు. కొద్ది నీళ్ళలో తేలుతుంది, నిలబడితే నిలకడగా ఉంటుంది, రెండు వారాంతాల్లో ఆకారానికొస్తుంది. కాని అలల మీద వేగంగా పోతే నడుము విరిగేటట్టు దబదబా కొడుతుంది. బేలో ఉండేవాళ్ళకి బల్లపరుపు, సముద్రంలోకి పోయేవాళ్ళకి వి. మేము మొదటిది ఎంచుకున్నాం. అల లేచినప్పుడు వేగం తగ్గించుకోవడం మా వంతు.

ఎంత లోతు మునుగుతుంది

ఆర్కిమెడీస్ సూత్రం అందరికీ తెలిసిందే. పడవ తన బరువుకి సమానమైన నీటిని పక్కకి నెడుతుంది. ఉప్పునీరు ఘనపుటడుగుకి 64 పౌండ్లు తూగుతుంది, మంచినీరు 62.4 పౌండ్లు. మా పడవ బరువుల పట్టిక ఇలా వేసుకున్నాం:

ఖాళీ పడవ: 220 పౌండ్లు
15 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ మోటారు: 110
ఆరు గ్యాలన్ల పెట్రోలు, దాని ట్యాంకు: 45
ఐసు పెట్టె, లంగరు, గాలాలు, మంచినీళ్ళు: 75
ముగ్గురు మనుషులు, మనిషికి 180 చొప్పున: 540
మొత్తం: 990 పౌండ్లు

990ని 64తో భాగిస్తే సుమారు 15.5 ఘనపుటడుగులు. పడవ నీటికింద అంత చోటు ఆక్రమించాలి. ఇప్పుడు నీటిమట్టం దగ్గర పడవ వైశాల్యం చూద్దాం. నీటిలో ఉండే పొడవు 12 అడుగులు, అడుగుపలక వెడల్పు 4 అడుగులు అనుకుందాం. ముందువైపు సన్నబడుతుంది కాబట్టి 0.85తో గుణిస్తే దాదాపు 40 చదరపుటడుగులు. ఒక అంగుళం మునగడానికి 40 × 1/12 × 64, అంటే సుమారు 213 పౌండ్లు కావాలి. 990ని 213తో భాగిస్తే 4.6 అంగుళాలు. పడవ పక్కల ఎత్తు 20 అంగుళాలు అయితే నీటిపైన మిగిలేది 15.4 అంగుళాలు.

ఈ "అంగుళానికి 213 పౌండ్లు" అన్న సంఖ్య జ్ఞాపకం పెట్టుకోదగ్గది. ఒక మనిషి ఎక్కితే పడవ ఒక అంగుళం కూడా దిగదన్నమాట. అంగుళమే కదా అనిపిస్తుంది. అసలు చిక్కు లోతులో లేదు, వాలులో ఉంది.

ఒక పక్కకి వాలితే

చేపల పడవకీ, షికారు పడవకీ ఉన్న ముఖ్యమైన తేడా ఇక్కడ వస్తుంది. షికారు పడవలో మనుషులు కూర్చుంటారు. చేపల పడవలో నిలబడతారు. పెద్ద చేప తగలగానే "ఏదీ ఏదీ" అంటూ అందరూ ఒకే పక్కకి వచ్చి తొంగి చూస్తారు. పడవని ఆ క్షణం కోసం డిజైను చెయ్యాలి.

స్థిరత్వానికి మూడు బిందువులు కావాలి. మొత్తం బరువు కేంద్రీకృతమైనట్టుండే గరిమనాభి ఒకటి. నీరు పైకి తోసే బలం పనిచేసే ఉత్ప్లవన కేంద్రం రెండోది. పడవ కొద్దిగా వాలినప్పుడు ఉత్ప్లవన కేంద్రం పక్కకి జరుగుతుంది. అక్కణ్ణుంచి నిట్టనిలువుగా గీత గీస్తే అది పడవ మధ్యగీతని ఎక్కడ తాకుతుందో అది మూడోది, మెటాసెంటర్. గరిమనాభి మెటాసెంటర్‌కి కింద ఉన్నంతసేపూ పడవ తిరిగి నిటారుగా నిలబడాలని చూస్తుంది. ఈ రెంటి మధ్య దూరాన్ని మెటాసెంట్రిక్ ఎత్తు అంటారు. ఇది ఎంత ఎక్కువైతే పడవ అంత బిగువు.

ఉత్ప్లవన కేంద్రం నుంచి మెటాసెంటర్ దాకా ఉన్న దూరం కనుక్కోవడం తేలిక. నీటిమట్టం దగ్గర ఉన్న ఆకారానికి పొడవుని వెడల్పు ఘనంతో గుణించి 12తో భాగించాలి. ముందు సన్నబడుతుంది కాబట్టి ఇంకో 0.8తో గుణించాలి. వచ్చినదాన్ని పడవ నెట్టిన నీటి ఘనపరిమాణంతో భాగించాలి. 4 అడుగుల అడుగుపలకకి 12 × 64 / 12 × 0.8, అంటే సుమారు 51. దాన్ని 15.5తో భాగిస్తే 3.3 అడుగులు.

ఇహ గరిమనాభి. పడవ, మోటారు, సామాను కలిపి 450 పౌండ్లు, అడుగు నుంచి 0.9 అడుగుల ఎత్తున ఉన్నాయనుకుందాం. కూర్చున్న మనిషి బరువు 1.8 అడుగుల ఎత్తున, నిలబడ్డ మనిషి బరువు 3.3 అడుగుల ఎత్తున ఉంటుంది. సగటు తీస్తే, అందరూ కూర్చున్నప్పుడు గరిమనాభి 1.4 అడుగుల ఎత్తున, అందరూ నిలబడ్డప్పుడు 2.2 అడుగుల ఎత్తున వస్తుంది. ఉత్ప్లవన కేంద్రం 0.2 అడుగుల దగ్గర ఉంటుంది కాబట్టి మెటాసెంట్రిక్ ఎత్తు కూర్చుంటే 2.1 అడుగులు, లేస్తే 1.3 అడుగులు. ఎవరూ పక్కకి జరగకుండానే, కేవలం లేచి నిలబడటంతోనే పడవ తన బిగువులో మూడో వంతుకి పైగా పోగొట్టుకుంది.

ఇప్పుడు చేప తగిలింది. ముగ్గురిలో ఇద్దరు మధ్యగీత నుంచి ఒకటిన్నర అడుగులు పక్కకి జరిగారు. 360 పౌండ్లు × 1.5 = 540. దీన్ని 990 × 1.3తో భాగిస్తే 0.42. ఇది వాలిన కోణపు టాన్ విలువ, అంటే సుమారు 23 డిగ్రీలు. పడవ పై అంచు మధ్యగీతకి 2.6 అడుగుల దూరంలో ఉంది కాబట్టి ఆ పక్క అంచు 13 అంగుళాలు కిందకి దిగుతుంది. మిగిలింది రెండంగుళాలు. పక్కనుంచి ఒక మోటారు పడవ పోతే వచ్చే అల చాలు, నీళ్ళు లోపలికి రావడానికి.

అడుగుపలక వెడల్పు ఆరంగుళాలు పెంచి 4.5 అడుగులు చేస్తే ఏమవుతుంది? వెడల్పు ఘనంతో పెరుగుతుంది కాబట్టి 51 కాస్తా సుమారు 73 అవుతుంది. అందరూ నిలబడ్డప్పటి మెటాసెంట్రిక్ ఎత్తు 1.3 నుంచి 2.7 అడుగులకి పెరుగుతుంది. అదే ఇద్దరు అదే పక్కకి జరిగితే వాలు 11.5 డిగ్రీలు. అంచు ఏడంగుళాలు దిగి, ఇంకా తొమ్మిది అంగుళాలు నీటిపైన ఉంటుంది. ఆరంగుళాల ప్లైవుడ్‌తో ప్రాణభయం ఫోటో తీసుకునే సరదాగా మారిపోయింది. మా పడవ అడుగు 4.5 అడుగులు ఉండటానికి కారణం ఇదే.

ఒక హెచ్చరిక. పది పన్నెండు డిగ్రీలు దాటాక ఈ సూత్రం ఉజ్జాయింపు మాత్రమే. అడుగుపలక అంచు నీటిలోంచి బయటికి వచ్చాక లెక్క మారుతుంది. డెల్ఫ్‌ట్‌షిప్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరికే రూపంలో కూడా ఆకారం గీసుకుని ఈ లెక్కలు చూసుకోవచ్చు. నేను మాత్రం మొదట స్ప్రెడ్‌షీటులో సింప్సన్ సూత్రంతో వేసి చూసుకుని, తర్వాత సాఫ్ట్‌వేర్ జవాబుతో పోల్చుకున్నాను. కాలేజీలో న్యూమరికల్ మెథడ్స్ ఎందుకు చదివామో ఇన్నాళ్ళకి తెలిసొచ్చింది.

నిండా నీళ్ళొస్తే

మూడో ప్రశ్నకి మన విశాఖ, భీమిలి తీరాల్లో ఏనాడో జవాబు దొరికింది. దాని పేరు తెప్ప. నాలుగైదు దుంగల్ని తాళ్ళతో కట్టిన తెప్ప మీదకి అల వస్తుంది, సందుల్లోంచి జారిపోతుంది. తెప్ప మునగదు. ఎందుకంటే నీళ్ళు నిండటానికి దానికి కడుపే లేదు. ఇంగ్లీషువాళ్ళ క్యాటమరాన్ అన్న మాట కూడా తమిళంలోని కట్టుమరం నుంచి వచ్చిందే.

కడుపున్న పడవకి ఈ గుణం తేవడానికి అమెరికాలో రిచర్డ్ ఫిషర్ అనే ఆయన 1958లో ఒక దారి కనిపెట్టి అమ్మకానికి తెచ్చాడు. ఫైబర్‌గ్లాస్ పొరలు రెంటి మధ్య నురగ నింపిన 13 అడుగుల పడవ, బోస్టన్ వేలర్. 1961లో లైఫ్ పత్రికలో వచ్చిన ఫోటోల్లో ఆయన పడవలో కూర్చుని ఉండగా దాన్ని రంపంతో రెండు ముక్కలు కోశారు. ముక్క అలాగే తేలింది. ప్రకటన అంటే అదీ!

ఈనాడు అమెరికాలో అమ్మే 20 అడుగుల లోపు అవుట్‌బోర్డ్ పడవలు, రెండు హార్స్‌పవర్ కంటే ఎక్కువ మోటారుకి ఉద్దేశించినవి, నిండా నీళ్ళొచ్చినా సమంగా తేలాలని ఫెడరల్ నిబంధన ఉంది. "సమంగా" అన్న మాటే ముఖ్యం. మోటారు బరువుకి వెనక భాగం మునిగి, ముక్కు మాత్రం ఆకాశంవైపు చూస్తూ ఉంటే మనిషి పట్టుకోవడానికేమీ ఉండదు. ఈ నిబంధన అమ్మకానికి పడవలు తయారుచేసే వాళ్ళ కోసం. ఇంట్లో కట్టుకున్న పడవకి కూడా దాన్నే ప్రమాణంగా పెట్టుకోవడం మంచిది. నీళ్ళకి మన పడవ ఎవరు కట్టారో తెలియదు కదా.

లెక్క ఇది. నురగ ఘనపుటడుగుకి రెండు పౌండ్లు తూగుతుంది. కాబట్టి ఒక ఘనపుటడుగు నురగ సుమారు 60 పౌండ్లు మోస్తుంది. చెక్క తనంతట తాను తేలుతుంది. మోటారు, ట్యాంకు, సామాను కలిపి 230 పౌండ్లు. నీళ్ళు నిండిన పడవలో మనుషులు నడుము దాకా నీళ్ళలోనే ఉంటారు కాబట్టి వాళ్ళ బరువులో సగం, 270 పౌండ్లు వేసుకున్నాం. మొత్తం 500. దాన్ని 60తో భాగిస్తే 8.3. మేము ఎనిమిదిన్నర ఘనపుటడుగులు పెట్టాం.

ఎంత పెట్టామన్నదాని కంటే ఎక్కడ పెట్టామన్నది ముఖ్యం. నేలపలకల కింద ఖాళీ కనిపిస్తుంది, అక్కడ నింపెయ్యాలనిపిస్తుంది. అక్కడ నింపితే నీళ్ళు నిండిన పడవ అడుగు పైకి రావాలని చూసి బోర్లా పడుతుంది. నురగ పక్కల్లో పైఅంచుకి దగ్గరగా, వెనక మోటారుకి రెండువైపులా, ముందు బల్ల కింద ఉండాలి. పాలిస్టైరీన్ నురగ మీద పెట్రోలు పడితే కరిగిపోతుంది కాబట్టి మోటారు దగ్గర పాలీయురిథేన్ వాడాం.

గీత నుంచి పలక దాకా

ప్లైవుడ్‌ని ఒక దిక్కున వంచవచ్చు, ఒకేసారి రెండు దిక్కులా వంచలేం. కాగితాన్ని పొట్లం చుట్టగలం కాని బంతికి ముడత లేకుండా తొడగలేం, అలాగే. అంచేత ప్లైవుడ్ పడవలో ప్రతి పలకా స్తూపం లేదా శంకువులో ముక్కలాగే ఉండాలి. సాఫ్ట్‌వేర్ ఆ వంపు పలకల్ని విప్పి చదునుగా పరిచిన ఆకారాన్ని ఇస్తుంది.

రంపం పట్టేముందు ఒక అట్టముక్క బొమ్మ చెయ్యండి. అడుగుకి అంగుళం చొప్పున 14 అంగుళాల పడవ. కత్తెర, టేపు, ఒక సాయంత్రం చాలు. అట్టలో కలవని అంచు ప్లైవుడ్‌లో కూడా కలవదు.

తర్వాత పలక మీద అడుగుకొక గీత గీసి, ప్రతి గీత మీదా సాఫ్ట్‌వేర్ ఇచ్చిన దూరాన్ని గుర్తు పెట్టి, సన్నటి పొడవాటి బద్దని ఆ గుర్తుల వెంట వంచి మేకులతో నిలబెట్టి గీత గియ్యాలి. బద్ద సాఫీగా వంగని చోట ఏదో అంకె తప్పన్నమాట. బద్ద అబద్ధం చెప్పదు.

ప్లైవుడ్ విషయంలో పిసినారితనం పనికిరాదు. బి.ఎస్. 1088 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ లోపల ఖాళీలు లేకుండా, నీటికి చెడని జిగురుతో చేస్తారు. ఒకుమే చెక్కతో చేసినది తేలిక. పలకలు ఎనిమిదడుగులే కాబట్టి రెండు అతకాలి. రెండు చివర్లనీ ఏటవాలుగా చెక్కి ఒకదానిమీదొకటి అతికిస్తారు. వాలు మందానికి ఎనిమిదింతలు ఉండాలి. 6 మిల్లీమీటర్ల పలకకి 48 మిల్లీమీటర్లు.

కుట్టు, జిగురు

పలకల్ని తీగతో కుట్టి, జిగురుతో అతికే ఈ పద్ధతి ఇంటి పడవల చరిత్రనే మార్చింది. ఇంగ్లండులో డెయిలీ మిర్రర్ పత్రిక ప్రోత్సాహంతో బారీ బక్‌నెల్, జాక్ హోల్ట్ కలిసి రూపొందించిన మిర్రర్ డింగీ ఈ పద్ధతిలోదే. మామూలు ఉద్యోగస్థులు ఇళ్ళల్లో కట్టుకున్న ఆ తెరచాప పడవలు 70,000కి పైనే.

పని వరస ఇలా ఉంటుంది. పలకల అంచుల వెంట ఆరంగుళాలకొక రంధ్రం వేసి, రాగితీగ గాని ప్లాస్టిక్ టై గాని దూర్చి వదులుగా బిగించాలి. మధ్యాహ్నానికి నాలుగు పలకలు పడవ ఆకారంలో లేచి నిలబడతాయి. పిల్లలు చూసి చప్పట్లు కొట్టేది ఈ రోజే. కాని ఇక్కడే ఆగి కొలవాలి. ఒక మూల నుంచి ఎదుటి మూలకి రెండు కర్ణాలూ సమానంగా ఉన్నాయా? ముందూ వెనకా అడ్డంగా పెట్టిన రెండు కర్రలు వెనకనుంచి చూస్తే ఒకే వాలులో కనిపిస్తున్నాయా? మెలిక ఉంటే ఇప్పుడు తీగ వదులు చేసి సరిచెయ్యవచ్చు. ఎపాక్సీ గట్టిపడ్డాక ఆ పడవ జీవితాంతం ఒక పక్కకే లాగుతుంది.

ఎపాక్సీ రెండు ద్రవాలు. రెసిన్, హార్డెనర్. డబ్బా మీద రాసిన పాళ్ళలోనే కలపాలి. త్వరగా ఆరాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే గట్టిపడదు, జిగటగా మిగిలిపోతుంది. కలిపినది కప్పులో కుప్పగా ఉంచితే తన వేడికి తానే ఉడికి పొగలు కక్కుతుంది. హ్యూస్టన్ ఎండల్లో అయితే చెప్పనే అక్కర్లేదు. వెడల్పాటి పళ్ళెంలో పలచగా పోసుకుని, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పని చెయ్యాలి.

ఎపాక్సీలో మెత్తటి రంపపు పొట్టు కలిపితే వేరుశనగ ముద్దలా చిక్కబడుతుంది. దాన్ని లోపలి మూలల్లో గుండ్రంగా మెత్తి, దానిమీద ఫైబర్‌గ్లాస్ పట్టీ పరిచి ఎపాక్సీతో తడపాలి. బయట అంచులు గుండ్రం చేసి అక్కడా పట్టీ, ఆపైన అడుగంతా గ్లాసుగుడ్డ. పొరకీ పొరకీ మధ్య ఆరిన ఎపాక్సీ మీద మైనంలాంటి జిడ్డు తేలవచ్చు. దాన్ని నీళ్ళతో కడిగి తుడవకపోతే పై పొర అంటుకోదు. చేతితొడుగులు, రెస్పిరేటర్ తప్పనిసరి. ఎపాక్సీ చర్మానికి ఒకసారి పడకుండా పోతే ఆ ఎలర్జీ ఇక జన్మంతా వదలదు.

వెనక పలకే మోటారు బరువునీ, తోపునీ మోస్తుంది కాబట్టి ముప్పావంగుళం ప్లైవుడ్ రెండు పొరలు, మొత్తం ఒకటిన్నర అంగుళాలు వేశాం. దాని ఎత్తు 20 అంగుళాలు. 15 అంగుళాల పొట్టి మోటారు పెడితే వెనక పలకని కోసి తగ్గించాలి, అక్కణ్ణుంచి అల లోపలికి వస్తుంది. అందుకని పొడుగు కాడ మోటారు.

మోటారు ఎంత?

నీటిని చీల్చుకుంటూ పోయే పడవ వేగానికి ఒక హద్దుంది. నీటిలో ఉన్న పొడవు వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే నాట్లలో ఆ వేగం వస్తుంది. 12 అడుగులకి 4.6 నాట్లు. బల్లపరుపు అడుగు తగినంత తోపు ఉంటే నీటిమీదకి లేచి జారుతుంది, ఆ హద్దు దాటేస్తుంది. అలాగని ఎంత పడితే అంత మోటారు పెట్టకూడదు. ఫెడరల్ నిబంధనల్లో బల్లపరుపు అడుగుండి, స్టీరింగ్ చక్రం లేని పడవలకి ఒక లెక్క ఉంది. పొడవుని వెనక పలక వెడల్పుతో గుణించి, సగం చేసి, 15 తీసెయ్యాలి. మాకు 14 × 5 = 70. సగం 35. 15 పోతే 20 హార్స్‌పవర్. మేము 15తో సరిపెట్టుకున్నాం. బరువు తగ్గింది, ముగ్గురితో బాగానే లేస్తోంది.

నీళ్ళలోకి

ఇంట్లో కట్టిన పడవకి హల్ ఐడెంటిఫికేషన్ నంబరు రాష్ట్రమే ఇస్తుంది. 12 అక్షరాల ఆ నంబరు టెక్సాస్‌లో టీఎక్స్‌జెడ్‌తో మొదలవుతుంది. రిజిస్ట్రేషన్ వ్యవహారం టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖది. రిజిస్ట్రేషన్ నంబరుని పడవ ముందు భాగంలో రెండువైపులా కనీసం మూడంగుళాల అక్షరాల్లో రాయాలి. ప్లైవుడ్, ఎపాక్సీ రసీదులన్నీ దాచి ఉంచుకోండి, మీరే కట్టారని చూపించడానికి పనికొస్తాయి.

మొదటి రోజు గాలాలు ఇంట్లో వదిలెయ్యండి. గాలి లేని పొద్దున, నడుము లోతు నీళ్ళలో, మూడు పరీక్షలు చెయ్యాలి.

మొదటిది, మునక. పడవ నాలుగు మూలల్లోనూ నీటిపైన ఎన్ని అంగుళాలుందో కొలిచి లెక్కతో పోల్చాలి. బరువుకి నీళ్ళ డబ్బాలు మేలు. అయిదు గ్యాలన్ల డబ్బాలో నీళ్ళు దాదాపు 42 పౌండ్లు.

రెండోది, వాలు. మేస్త్రి గోడ నిలువు చూసినట్టు 36 అంగుళాల దారానికి గుండు కట్టి వేలాడదీశాం. మొత్తం బరువు 600 పౌండ్లు ఉండగా, రెండు డబ్బాల్ని (84 పౌండ్లు) రెండడుగులు పక్కకి జరిపాం. గుండు ఒకటిన్నర అంగుళాలు కదిలింది. 84 × 2 = 168. దాన్ని 600 × (1.5/36)తో భాగిస్తే 6.7 అడుగులు. అంత తేలిక బరువుకి కాగితం మీద వచ్చింది 6.8. ఆ రోజు మా ఇద్దరికీ కలిగిన తృప్తి ఏ టెస్ట్ కేసు పాసైనప్పుడూ కలగలేదు.

మూడోది, ముంచడం. మోటారు విప్పేసి, దాని చోట అంతే బరువు కట్టి, బకెట్లతో పడవ నిండా నీళ్ళు పోసి, ముగ్గురం అందులో కూర్చున్నాం. నీళ్ళు పైఅంచు దాకా వచ్చాయి కాని పడవ సమంగా తేలింది. ఒడ్డున ఉన్నవాళ్ళు మాకు మతి పోయిందనుకున్నారు. ఎప్పుడో ఒకనాడు తప్పనిసరై చెయ్యాల్సిన పరీక్షని మనకి వీలైన రోజున చెయ్యడంలో మతిపోవడం ఏముంది?

ఇవన్నీ అయ్యాక కూడా లైఫ్ జాకెట్ లేకుండా పడవ కదలకూడదు. అమెరికా కోస్ట్ గార్డ్ 2023 నివేదిక ప్రకారం, కారణం తెలిసిన పడవ ప్రమాద మరణాల్లో 75 శాతం నీట మునిగినవే. ఆ మునిగినవాళ్ళలో, వివరాలు తెలిసినంతలో, 87 శాతం మంది లైఫ్ జాకెట్ వేసుకోలేదు. టెక్సాస్‌లో 26 అడుగుల లోపు పడవ కదులుతుండగా 13 ఏళ్ళ లోపు పిల్లలు వేసుకుని తీరాలి. మా పడవలో ఈ నియమం అందరికీ. మోటారు నడిపేవాడు ఇంజను ఆపే తాడుని నడుముకి తగిలించుకోవడం 2021 ఏప్రిల్ నుంచి ఫెడరల్ నిబంధన కూడా.

నాలుగో మనిషి

సామర్థ్యం పలక లేని చిన్న పడవలకి కోస్ట్ గార్డ్ ఒక సులువైన సూత్రం చెబుతుంది. పొడవుని వెడల్పుతో గుణించి 15తో భాగించాలి. మా పడవకి 14 × 5.7 / 15, అంటే అయిదుగురు. అది మనిషి 150 పౌండ్లే ఉన్నప్పుడు, వాతావరణం బాగున్నప్పుడు వేసుకునే హద్దు. నిలబడి గాలం వెయ్యడం అందులో లేదు.

మనవాళ్ళలో ఒక మంచి అలవాటుంది. ఎవరు వస్తామన్నా కాదనం. కారులోనైనా, బంతిలోనైనా "ఒక్కరే కదా, సర్దుకుందాం" అంటాం. ఆ ఒక్కరి లెక్క కూడా వేసి చూద్దాం. నాలుగో మనిషి ఎక్కితే మొత్తం 1,170 పౌండ్లు. పడవ అదనంగా దిగేది ముప్పావంగుళమే, కంటికి కూడా కనపడదు. కాని నలుగురూ నిలబడితే గరిమనాభి 2.4 అడుగులకి లేస్తుంది, నెట్టిన నీరు పెరిగింది కాబట్టి మెటాసెంటర్ కిందకి వస్తుంది. మెటాసెంట్రిక్ ఎత్తు 2.7 నుంచి 1.8 అడుగులకి పడిపోతుంది. చేప తగిలి నలుగురిలో ముగ్గురు ఒక పక్కకి వస్తే వాలు 21 డిగ్రీలు. అంచు 13 అంగుళాలు దిగుతుంది. నీటిపైన మిగిలేది రెండంగుళాల లోపు.

ఈ అంకె ఇంతకుముందు చూశాం. సన్నటి పడవలో ముగ్గురికి వచ్చినది ఇదే. ఆరంగుళాల వెడల్పు పెంచి సంపాదించినదంతా ఒక్క మనిషితో హరించుకుపోయింది.

అందుకే వెనక పలక లోపలివైపు, ఎక్కేవాళ్ళందరికీ కనిపించేటట్టు, తెలుగులో పెద్ద అక్షరాలతో "ముగ్గురు" అని రాసి పైన వార్నిష్ వేశాం. నాలుగో మిత్రుడు వస్తే రెండో విడతలో తీసుకెళతాం. అంతవరకూ ఒడ్డున పొయ్యి రాజేసే పని ఆయనది.